పీసు లెక్క ఎవరి వైపు తిరిగి ఉండాలి? పీణ్యా ప్రెస్సు షాపులో మీటరు బిగించిన డైరీ

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలోని ఒక చిన్న ప్రెస్సు షాపులో, ఇనుప షీటును అచ్చుతో కొట్టి పీసులుగా కోసే పది టన్నుల సీ-ఫ్రేమ్ పవర్ ప్రెస్సుకు, స్ట్రోకులు (ప్రెస్సు కొట్టే దెబ్బలు) లెక్కించే మీటరును అమర్చిన పని వివరాలివి. అక్కడ పీసు రేటు మీద పనిచేసే ఆపరేటర్లలో ఎక్కువమంది కదిరి, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి లగ్గెరె, దాసరహళ్లిలలో అద్దెకు ఉంటున్నవారు. ఇలాంటి షాపుల్లో మెయింటెనెన్సు చూసేవారు ఈ పనిని ఉన్నదున్నట్టు చేసుకోవచ్చు, లేదా ఏ భాగం కొనకుండా డబ్బు మిగుల్చుకోవచ్చో చూసుకోవచ్చు. పనిచేసిన వాటికి ఒక్కో వాక్యం సరిపోతుంది కనుక, పనిచేయని వాటి గురించే ఎక్కువగా రాశాను.

దశ 1: తూకం లెక్కలో తేడా ఎంత?

మీటరు రాకముందు పీసులను ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. షిఫ్టు చివర క్రేటును ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి, వచ్చిన బరువును శాంపిల్ పీసు బరువుతో భాగించి, ఆ సంఖ్యను కూలి పుస్తకంలో ఎక్కించేవారు. శాంపిల్ బరువు 17.46 గ్రాములని కాటా పక్కన గోడ మీద పెయింటుతో రాసి ఉండేది. ఆ పీసు 60 × 32 మి.మీ. బ్రాకెట్టు, దానికి 6.5 మి.మీ. రంధ్రాలు రెండు. షీటు మందం 1.20 మి.మీ., ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు అనుకుని లెక్క వేస్తే ఆ బరువు సరిగ్గానే వస్తుంది.

అయితే షీటు మందం అన్ని లాట్లలోనూ 1.20 ఉండదు. మైక్రోమీటరు పెట్టి చూస్తే ఒక లాటు 1.14, మరొకటి 1.26 తేలాయి. 1.14 మి.మీ. షీటులో పీసు బరువు 16.59 గ్రాములకు దిగుతుంది. అప్పుడు 20 కిలోల క్రేటులో నిజంగా ఉన్నవి 1205 పీసులు, పుస్తకంలో ఎక్కేవి 1145. అంటే ఆపరేటరు కొట్టిన 60 పీసులకు కూలి లేదు. 1.26 మి.మీ. షీటు పడినప్పుడు ఇదే లెక్క తిరగబడి, యజమాని 54 పీసులకు అదనంగా చెల్లిస్తాడు.

ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతుంది కాబట్టి ఏడాది చివరికి సమానమైపోతుందని షాపు అకౌంట్లు చూసే ఆయన వాదించారు. ఏడాది మొత్తం మీద చూసుకోవడానికి యజమానికి వీలుంది. పలుచని లాటు పడిన వారంలోనే ఊరికి డబ్బు పంపవలసిన మనిషికి ఆ వీలు లేదు. అంతేకాక, లాటు ఏ మందంలో వచ్చిందో ఆపరేటరుకు తెలిసే మార్గమే అక్కడ లేదు.

ఇప్పటివరకు ఖర్చు: ఏమీ లేదు. మైక్రోమీటరు షాపుదే.

దశ 2: సెన్సారు

బిగించే ముందు పాటించిన వరుస ఇది. దీనిలో ఏ ఒక్కటీ వదలకూడదు.

1. మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవిని పని చేసే మనిషి తన జేబులోనే ఉంచుకోవాలి.
2. మోటారు ఆగిన తర్వాత కూడా ఫ్లైవీలు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా నిలిచే వరకు డై (పీసును కోసే అచ్చు) వైపు చెయ్యి పోకూడదు.
3. ర్యామ్ (పైకీ కిందికీ కదిలి దెబ్బ కొట్టే భాగం) కింద సేఫ్టీ బ్లాకు పెట్టాలి.
4. ఫ్రేముకు రంధ్రం వేయకూడదు, క్లాంపుతోనే బిగించాలి.
5. రెండు చేతుల బటన్ల (చేతులు డైలో ఉండకుండా, రెండూ నొక్కితేనే ప్రెస్సు కొట్టే ఏర్పాటు) వైరింగు నుంచి గాని, గార్డు స్విచ్చి నుంచి గాని మీటరు కోసం ఒక్క తీగ కూడా లాగకూడదు.

అయిదవది ప్రత్యేకంగా చెప్పాలి. రెండు బటన్ల సిగ్నలు ఉండనే ఉంది, దాన్నే లెక్కపెడితే సెన్సారు ఖర్చు మిగులుతుంది కదా అని చాలామందికి తోస్తుంది. ప్రమాదకరమైన యంత్ర భాగాలకు రక్షణ ఉండాలని 1948లోనే ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పిన దగ్గర, కూలి లెక్క కోసం ఆ రక్షణ వైరింగులోనే కొత్త జాయింటు వేయడం ఏ ధరకూ గిట్టుబాటు కాదు.

మొదట రోలరు ఉన్న లిమిట్ స్విచ్చిని (ర్యామ్ తగిలినప్పుడల్లా నొక్కుకునే స్విచ్చి) ర్యామ్ పక్కన పెట్టాం. కాంటాక్టు ఎగిరి ఒక స్ట్రోకు రెండుగా పడటం ఒక సమస్య; దాన్ని ప్రోగ్రాములో సరిచేయవచ్చు. సరిచేయలేనిది అదురు. ప్రతి స్ట్రోకు దెబ్బకూ బోల్టు కొద్దికొద్దిగా వదులై, రోలరు పక్కకు జరిగి, మధ్యాహ్నానికల్లా లెక్క తప్పిపోయేది. స్ప్రింగు వాషరు వేసినా, లాక్‌నట్టు వేసినా ఫలితం మారలేదు.

రెండవది ఎం12 సైజు ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సారు (లోహం దగ్గరికి వస్తే తాకకుండానే పట్టేది), 4 మి.మీ. దూరం రకం. దీన్ని ర్యామ్ దగ్గర కాకుండా క్రాంక్ షాఫ్టు చివర పెట్టి, అక్కడి 200 మి.మీ. చక్రానికి 40 మి.మీ. పొడవున్న ఇనుప రేకును జెండాలాగా బిగించాం. ఇలాంటి సెన్సారు పెట్టె మీద 4 మి.మీ. అని ఉన్నా నమ్మకంగా పనిచేసేది సుమారు 3.2 మి.మీ. వరకే. మేము 2.5 మి.మీ. సందు ఉంచాం. అరిగిన బుష్షు వల్ల లోడు పడినప్పుడు షాఫ్టు 1.1 మి.మీ. పక్కకు ఒరిగి, సందు 3.6 అయ్యేది. ఖాళీగా తిప్పితే లెక్క సరిపోయి, షీటు పెట్టి కొడితే తప్పడానికి కారణం ఇదే. ఇది అంత త్వరగా దొరకదు. డయల్ గేజిని షాఫ్టుకు ఆనించి, లోడు మీద చూస్తే గాని తెలియలేదు.

చివరికి నిలిచింది ఎం18 సైజు, 8 మి.మీ. రకం. సందు 4 మి.మీ. ఈ రకానికి ముఖం చుట్టూ ఇనుము ఆనకూడదు కనుక క్లాంపును వెనక్కి జరిపి బిగించాం.

ఇప్పటివరకు ఖర్చు: నిలిచిన భాగాలకు (ఎం18 సెన్సారు, 5 మీటర్ల షీల్డెడ్ వైరు) రూ. 550. పక్కన పెట్టిన లిమిట్ స్విచ్చి, ఎం12 కలుపుకొంటే రూ. 1050.

దశ 3: పక్క ప్రెస్సు ఆన్ చేస్తే మన లెక్క పెరగడం

పల్సులు లెక్కపెట్టే కంట్రోలరు ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డు. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పీ. రోడ్డులో ఏ షాపులోనైనా దొరుకుతుంది. దీని పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు, సెన్సారు మాత్రం 24 వోల్టుల మీద నడుస్తుంది కనుక మధ్యలో పీసీ817 ఆప్టోకప్లరు (తీగ కలపకుండా, వెలుతురు ద్వారా సిగ్నలును దాటించే చిప్పు) పెట్టాలి. దాని ముందు 2.2 కిలోఓమ్‌ల రెసిస్టరు ఉంచితే సుమారు 10 మిల్లీఆంపియర్లు పారుతుంది. ఆ రెసిస్టరు పావు వాటుది పెడితే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, అర వాటుది పెట్టాలి. ఇంకొక ఉచ్చు: ఈ బోర్డులో 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నులకు లోపలి పుల్-అప్ (సిగ్నలు లేనప్పుడు పిన్నును ఊగిసలాడకుండా పట్టి ఉంచే రెసిస్టరు) ఉండదు. మేము 27వ పిన్నును వాడి, బయట 10 కిలోఓమ్‌ల రెసిస్టరు కూడా పెట్టాం.

ఇంత చేసినా, పక్క ప్రెస్సు మోటారు ఆన్ చేసిన ప్రతిసారీ మా మీటరులో మూడు నాలుగు లెక్కలు అదనంగా పడేవి. కంటాక్టరు (మోటారును ఆన్ చేసే పెద్ద స్విచ్చి) పడినప్పుడు పుట్టే విద్యుత్ గందరగోళం సెన్సారు వైరులోకి దూకుతోంది. మార్చినవి వరుసగా ఇవి:

1. సెన్సారు వైరును మోటారు కేబులు ఉన్న పైపులోంచి తీసి వేరే దారిలో లాగాం.
2. షీల్డును బోర్డు వైపు మాత్రమే ఎర్తు చేసి, సెన్సారు వైపు వదిలేశాం.
3. పక్క ప్రెస్సు కంటాక్టరు కాయిలుకు ఆ గందరగోళాన్ని పుట్టిన చోటే అణచే 0.1 మైక్రోఫారడ్, 100 ఓమ్‌ల స్నబ్బరు కట్టాం.
4. ప్రోగ్రాములో 20 మిల్లీసెకన్ల కంటే చిన్న పల్సును లెక్కలోకి తీసుకోకుండా, ఒక లెక్క పడిన తర్వాత 400 మిల్లీసెకన్ల వరకు మరొకటి పడకుండా చేశాం.

నాలుగవదానికి ఆధారం చెబుతాను. ఈ ప్రెస్సు నిమిషానికి 60 చుట్లు తిరుగుతుంది. 200 మి.మీ. చక్రం చుట్టుకొలత 628 మి.మీ., అందులో జెండా 40 మి.మీ., కనుక నిజమైన పల్సు సుమారు 64 మిల్లీసెకన్లు ఉంటుంది. ఆసిల్లోస్కోపులో కనిపించిన దొంగ పల్సులన్నీ 2 మిల్లీసెకన్ల లోపే. ఈఎస్‌పీ32లో పల్సులు లెక్కించే విభాగానికి సొంత ఫిల్టరు ఉంది గాని, అది గరిష్ఠంగా 1023 క్లాకు చక్రాలు, అంటే 12.8 మైక్రోసెకన్ల వరకే ఆపగలదు. అది ఈ షాపుకు చాలదు.

ఇప్పటివరకు ఖర్చు: నిలిచినవి రూ. 1950, అన్నీ కలిపి రూ. 2450.

దశ 4: కరెంటు పోతే

కరెంటు పోయినప్పుడు అంకె సున్నాకు వస్తే ఆ మీటరును ఎవరూ నమ్మరు. బోర్డులోని ఫ్లాష్ మెమరీలో ఒక్కో భాగం సుమారు లక్షసార్లు చెరిపి రాయడానికి మాత్రమే తట్టుకుంటుంది. ప్రతి స్ట్రోకునూ అందులో రాయడం తెలివైన పని కాదు. ఎంబీ85ఆర్‌సీ256 అనే ఎఫ్‌రామ్ చిప్పును (కరెంటు పోయినా అంకెను మరచిపోని మెమరీ) వేరుగా పెట్టాం. దాని ఓర్పు లక్ష కోట్లసార్లు. సమయానికి డీఎస్3231 గడియారం పెట్టాం. ఈ దశలో ఏ ఇబ్బందీ రాలేదు.

ఇప్పటివరకు ఖర్చు: నిలిచినవి రూ. 2590, అన్నీ కలిపి రూ. 3090.

దశ 5: అంకె ఎవరికి కనిపించాలి

మొదట పెట్టినది 0.96 అంగుళాల ఓఎల్ఈడీ తెర, అదీ ప్రెస్సు వెనుక ప్యానెలు తలుపు మీద, సూపర్వైజరు నడిచే దారి వైపు. నూనె చేతులతో ఒకసారి తుడిస్తే చాలు, తెర మీద ఏమీ కనిపించేది కాదు. అంతకంటే పెద్ద లోపం, ఆపరేటరు తన లెక్క చూసుకోవాలంటే ప్రెస్సు వదిలి వెనక్కి వెళ్లాలి. కదిరి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు దాన్ని చూసి, "ఏం సార్, కొట్టేది నేను, చూసేది మాత్రం వాళ్లా?" అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు, కాబట్టి పెట్టె తిరిగింది.

కూలికి ఆధారమయ్యే కొలత ఎవరి కళ్ల ముందు జరగాలి అన్నది పాత తగాదానే. బ్రిటన్‌లో బొగ్గు గని కార్మికులకు తవ్విన బరువును బట్టి కూలి ఇచ్చేవారు, కాటా మాత్రం యజమాని మనిషి చేతిలో ఉండేది. 1860 నాటి గనుల చట్టం, కార్మికులు తమ ఖర్చుతో తమ మనిషిని కాటా దగ్గర నిలబెట్టుకొనే హక్కు ఇచ్చింది. ఆ మనిషి చేసిన పనిని ఇక్కడ 190 రూపాయల డిస్ప్లే చేయాలి.

మాక్స్7219 చిప్పు ఉన్న ఎనిమిది అంకెల ఎర్ర డిస్ప్లేను ఆపరేటరు కంటి ఎత్తులో, డైకి కుడి పక్కగా, అతని వైపే తిప్పి బిగించాం. సూపర్వైజరు చూడాలంటే ఆపరేటరు పక్కకు వచ్చి నిలబడాలి. తెలుగు చదవలేని ఒడియా కుర్రాళ్లు కూడా ఆ షాపులో ఉన్నారు. అంకెలకు ఆ ఇబ్బంది లేదు.

తర్వాత వచ్చిన చిక్కు, స్ట్రోకు అంటే పీసు కాదు. డై సెట్టింగు చేసేటప్పుడు ఖాళీ స్ట్రోకులు పడతాయి. స్ట్రిప్పు చివర సగం పీసు వస్తుంది. సెట్టింగు స్ట్రోకులు లెక్కలో పడకుండా ఒక తాళంచెవి స్విచ్చి పెడదామని సెట్టరు అన్నారు. లెక్క అసలే పడకపోతే, స్విచ్చి ఎవరి దగ్గర ఉంటే వారి మీద మిగతావారికి అనుమానం ఉంటుంది. అందువల్ల స్విచ్చి తిప్పినా లెక్క ఆగదు. ఎడమవైపు మూడంకెల్లో సెట్టింగు లెక్కగా వేరుగా పెరుగుతుంది. రెండు అంకెలూ ఎప్పుడూ కళ్లెదుటే ఉంటాయి.

నిమిషానికి ఎన్ని స్ట్రోకులు అన్న వేగాన్ని మాత్రం డిస్ప్లేలో చూపించలేదు. పీసు రేటు మనిషి డైలో చెయ్యి పెట్టి పనిచేసే చోట, వేగం అంకెగా మెరుస్తుంటే, తీసేస్తే ఇంకా వేగం వస్తుందని గార్డు మీదికే ముందుగా కన్ను పోతుంది. గార్డు తీసేసి, ఒక బటనుకు అట్టముక్క చెక్కి ఒక చేత్తో నడిపే ప్రెస్సులను చూడనివారు ఈ వృత్తిలో తక్కువ.

ఇప్పటివరకు ఖర్చు: నిలిచినవి రూ. 2910, అన్నీ కలిపి రూ. 3640.

దశ 6: ఏమి దాచాలి, ఏమి దాచకూడదు

ఈఎస్‌పీ32కు వైఫై ఉంది కాబట్టి, యజమాని అడిగిన తర్వాతి కోరిక సహజమైనదే: ఇంటి దగ్గర ఫోనులో కనిపించాలి. మొదటి ప్రోగ్రాము ప్రతి స్ట్రోకు సమయాన్నీ సెకనుతో సహా దాచేది. లోపాలు వెతకడానికి అది నాకు ఉపయోగపడింది. ఆ ఫైలునే గ్రాఫుగా గీస్తే, పని ఆగిన ప్రతి సందు ఒక గుంటలాగా కనిపిస్తుంది. గ్రాఫు ఆఫీసు టేబులు మీదికి వచ్చిన రోజే, పదకొండు గంటల దగ్గర పద్నాలుగు నిమిషాల గుంట ఎందుకని ఆపరేటరును పిలిచి అడిగారు.

ఆ పద్నాలుగు నిమిషాల్లో జరిగింది ఇది: స్ట్రిప్పులు అయిపోయాయి, షీటును స్ట్రిప్పులుగా కోసే షీరింగు మిషను దగ్గర కొత్త కట్ట సిద్ధంగా లేదు, ఆపరేటరు తానే వెళ్లి మోసుకొచ్చాడు, దారిలో నీళ్లు తాగాడు. మిషను ఆగిందని సెన్సారుకు తెలుసు, ఎందుకు ఆగిందో తెలియదు. కారణం లేని సందును ఎవరైనా మనిషి బద్ధకంగానే చదువుతారు. అసలు పీసు రేటు మీద ఉన్న మనిషి ఆగితే అతని కూలే ఆగుతుంది. షీరింగు ఆలస్యానికి నష్టపోయేది అతను, సంజాయిషీ ఇవ్వవలసింది కూడా అతనే అయింది.

కాబట్టి మార్చినవి:

1. స్ట్రోకుల సమయాలను దాచడం పూర్తిగా తీసేశాం. షిఫ్టు మొత్తం, సెట్టింగు మొత్తం, ఈ రెండే ఎఫ్‌రామ్‌లో ఉంటాయి.
2. వైఫైని ప్రోగ్రాములోనే ఆపేశాం.
3. షిఫ్టు మారేటప్పుడు ఆపరేటరు, సూపర్వైజరు ఇద్దరూ ప్రెస్సు దగ్గర నిలబడి అంకె చదివిన తర్వాతే సున్నా చేయాలి. దానికి రెండు బటన్లు ఒకేసారి నొక్కాలి. అవి ఒక మనిషి చేతులకు అందనంత దూరంలో ఉన్నాయి.

యజమాని దీనికి వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పించినది నీతి వాదన కాదు, మందపాటి షీటు లాటులో తాను అదనంగా చెల్లిస్తున్న 54 పీసుల లెక్క. ఆగిన సమయం కావాలంటే దానికి వేరే మార్గం ఉంది: స్ట్రిప్పు లేక ఆగినప్పుడు ఆపరేటరే నొక్కే బటను. అది మనిషి చెప్పిన కారణంతో వస్తుంది. ప్రస్తుతానికి దాన్ని కట్టలేదు.

దశ 7: చీటీ

షిఫ్టు చివర ఆపరేటరు చేతికి ఏదో ఒక కాగితం రావాలి. 58 మి.మీ. థర్మల్ ప్రింటరు కొన్నాం. దానికి సొంతంగా తెలుగు అక్షరాలు ఉండవు. పేరు, తేదీ వరుసను 384 చుక్కల వెడల్పున్న బొమ్మగా మార్చి పంపవలసి వచ్చింది. అచ్చు బాగానే వచ్చింది. చీటీని నూనె చేత్తో పట్టుకుని చొక్కా జేబులో పెట్టుకుంటే, నెలాఖరుకు దాని మీద అంకె కనిపించదు. కొందరు జాగ్రత్తగా పుస్తకంలో జిగురుతో అంటించుకున్నారు. జిగురు తగిలిన చోట అక్షరాలు ఇంకా తొందరగా మాసిపోయాయి. కూలి ఇచ్చేది నెలకొకసారి అయినప్పుడు, నెల ఆగని కాగితం సాక్ష్యం కాదు.

ప్రింటరును పక్కన పెట్టి, కిరాణా కొట్లలో వాడే కార్బను బిల్లు పుస్తకం తెచ్చాం. సూపర్వైజరు అంకె రాస్తాడు, ఇద్దరూ సంతకం పెడతారు, పై కాగితం ఆపరేటరుకు, కిందిది ఆఫీసుకు. ప్రాజెక్టు మొత్తంలో ఒక్కసారి కూడా మరమ్మతు అడగని భాగం ఇదే.

ఇప్పటివరకు ఖర్చు: నిలిచినవి రూ. 2970, అన్నీ కలిపి రూ. 5800.

దశ 8: సరిచూసుకోవడం, రేటు

ఒక క్రేటు పీసులను ఇద్దరు మనుషులు విడివిడిగా చేత్తో లెక్కపెట్టారు. షీటు మందం 1.15 మి.మీ.

- మీటరు మొత్తం స్ట్రోకులు: 1016
- అందులో సెట్టింగు: 9
- స్ట్రిప్పు చివర సగం పీసులు, రిజెక్టులు: 4
- మిగలవలసినవి: 1003
- చేతి లెక్క: 1003
- పాత పద్ధతిలో కాటా చెప్పినది: 16.78 కిలోలు, అంటే 961

తేడా 42 పీసులు. పీసుకు 28 పైసల రేటున ఒక్క క్రేటుకు 11 రూపాయల 76 పైసలు.

అయితే లెక్క కచ్చితమైన వెంటనే వచ్చే ప్రమాదం ఒకటుంది. ఆపరేటరు నిజంగా రోజుకు ఎన్ని కొడుతున్నాడో తెలిశాక, రేటు ఎక్కువైందని తగ్గించాలనిపించడం పీసు రేటు ఎంత పాతదో అంత పాత కథ. పీసు రేటు మీద పనిచేసినా కాలాన్ని బట్టి రావలసిన కనీస వేతనానికి తగ్గకూడదని 1948 కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్ చెప్పింది, 2019 వేతనాల కోడ్ 12వ సెక్షన్ కూడా చెబుతోంది. అది అడుగు గీత మాత్రమే. దానికి పైన ఉన్న రేటును అది కాపాడదు. అందుకని మీటరు బిగించడానికి ముందున్న రేటునే, డై మారేదాకా మార్చకూడదని బిల్లు పుస్తకం మొదటి పేజీలో రాయించి సంతకాలు తీసుకున్నాం. ఇలాంటి మీటరు కట్టేవారు ఆ పేజీ పూర్తి కాకముందు సెన్సారు కొనవద్దని నా సలహా. బిగించిన తర్వాత ఆ మాట ఎత్తితే వినేవారు ఉండరు.

మిగిలిన పనులు రెండు. ఒక స్ట్రోకుకు రెండు పీసులు పడే డై వచ్చినప్పుడు అంకెను రెండుతో హెచ్చవేసి చూపించాలా, స్ట్రోకులనే చూపించి పుస్తకంలో హెచ్చవేయాలా అన్నది తేలలేదు. ఆపరేటర్లు రెండవదే కోరుతున్నారు, హెచ్చవేత తమ కళ్ల ముందే జరగాలని వారి మాట. రెండవది మూడో నంబరు ప్రెస్సు. దానిది గాలి క్లచ్చు, నిమిషానికి 120 స్ట్రోకులు. స్ట్రోకుకు స్ట్రోకుకు మధ్య అర సెకనే ఉంటుంది, అదే 40 మి.మీ. జెండాకు పల్సు 32 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. 400 మిల్లీసెకన్ల ఆపుదల అక్కడ మరీ ఇరుకు. దాన్ని 250కి తగ్గించి, జెండాను 60 మి.మీ.కి పెంచి పరీక్షిస్తున్నాం.